తాళం పడిన పాత హాలును పది పనులకు పనికొచ్చేలా చేసుకోవడం ఎలా

మీ ఊళ్ళోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. పాత బస్టాండు వెనకాలో, పంచాయతీ ఆఫీసు పక్కనో, బొడ్రాయికి కూతవేటు దూరంలోనో. మూరెడు మందం రాతి గోడలు, టేకు దూలాలు, ముందు పొడుగాటి అరుగు, దర్వాజకు తుప్పు పట్టిన తాళం. ఎలక్షన్ల రోజు పోలింగు కోసం తెరుస్తారు, మర్నాడు మళ్ళీ మూసేస్తారు. దేవరకొండ వైపు మా ఊరి సంఘం హాలు కూడా ఎనిమిదేళ్ళు అలాగే పడి ఉంది. దాన్ని బాగుచేసే కమిటీలో నేను మూడేళ్ళు తిరిగాను. చేయకూడని పనులు కొన్ని చేశాం, చేయాల్సినవి ఆలస్యంగా తెలుసుకున్నాం, ఆ సంగతులన్నీ మీకు ముందే తెలిస్తే మీ డబ్బూ మిగులుతుంది, మీ గోడలూ మిగులుతాయని ఇది రాస్తున్నాను.

ఈ హాళ్ళంటే నాకు ఇంత పట్టుదల ఎందుకో ఒక్క మాట చెప్పి పనిలోకి వస్తాను. నిజాం కాలంలో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది, దాని ప్రకారం అనుమతి లేకుండా నలుగురు కూడి సభ పెట్టుకోవడానికి వీల్లేదు. ఆ నిజాం పాలనలోనే 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం పెట్టారు, 1931లో దేవరకొండలో, 1936లో షాద్‌నగర్‌లో, 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభలు జరిపారు. మన తాతలకు ఒక కప్పు కింద కలిసి కూర్చోవడం అంత కష్టంగా దొరికింది. మీ హాలు అంత పాతది కాకపోవచ్చు, అయినా పదిమంది చందాలతో కట్టుకున్నదే అయి ఉంటుంది. వాడుకలో ఉన్న పాత కట్టడం ఎలా నిలబడుతుందో చూడాలంటే వనపర్తి వెళ్ళండి, సంస్థానం వారి రాజభవనంలో పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోటలో కాలేజీ ఉంది. రోజూ తలుపులు తెరిచే చోట చెదలు కనబడగానే ఎవరో ఒకరు చూస్తారు, చినుకు కారితే ఎవరో ఒకరు అరుస్తారు. తాళం వేసిన చోట ఆ చూసేవాళ్ళే ఉండరు.

పని మొత్తానికి నేను పెట్టుకున్న సూత్రం ఇది. హాలు మధ్యభాగం ఖాళీగా ఉంచండి. కొత్తగా పెట్టేవన్నీ అంచులకు పెట్టండి, మడిచేవీ జరిపేవీ అయి ఉండాలి. రేపు మీ పిల్లలు వాటిని తీసేస్తే కింద పాత హాలు చెక్కుచెదరకుండా బయటపడాలి. కింద చెప్పే ప్రతి పనికీ ఈ కొలతే వాడాను.

ముందు కాగితాలు

రంగులు, టైల్స్ అని మాటలు మొదలుపెట్టక ముందే హాలు ఎవరి పేరు మీద ఉందో తేల్చుకోండి. పంచాయతీదా, మున్సిపాలిటీదా, దేవాదాయ శాఖదా, వక్ఫ్‌దా, ఏదైనా కుల సంఘందా. ఊళ్ళో అందరూ "అది అందరిదీ" అంటారు, కానీ పని మొదలయ్యాక ఒక్కొక్కరు కాగితం పట్టుకుని వస్తారు. 1948 ముందు నాటి దస్తావేజులు ఉర్దూలో ఉంటాయి కాబట్టి ఉర్దూ బాగా చదవగలిగిన పెద్దమనిషి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని మాట మాటకూ అర్థం రాయించుకోండి. మాకు అలా చదివించుకున్నాకే వెనక ఉన్న ఖాళీ జాగా కూడా హాలుదేనని తెలిసింది, ఇప్పుడు వంటశాలా మరుగుదొడ్లూ అక్కడే ఉన్నాయి. యజమాని ఎవరో తేలాక రాతపూర్వకంగా తీర్మానం చేయించండి, గ్రామ సభలో అయితే ఇంకా మంచిది. రక్షిత కట్టడాల జాబితాలో ఏమన్నా ఉందేమో రాష్ట్ర వారసత్వ శాఖ దగ్గర అడిగి చూసుకోండి, ఉంటే వాళ్ళ అనుమతి లేకుండా ఒక్క రాయి కూడా కదపకూడదు.

ఎంపీ నిధులు, ఎమ్మెల్యే నిధులు కమ్యూనిటీ హాళ్ళకు వాడుకోవచ్చు, అడగడానికి మొహమాటపడకండి. అయితే ఎస్టిమేట్ మామూలుగా సిమెంటు, ఆర్‌సీసీ లెక్కల్లోనే తయారవుతుంది, సున్నం పని విడిగా రాయమని మొదటిరోజే చెప్పాలి. చివర్లో చెబితే ఎవరూ వినరు.

ఒక నెల నోట్‌బుక్ పెట్టండి

"ఊరికి ఏం కావాలి" అని మీటింగు పెట్టి అడిగితే అందరూ ఫంక్షన్ హాలు, ఏసీ అంటారు. దానికంటే ఒక నెలపాటు ఊళ్ళో జనం ఎక్కడెక్కడ చోటు లేక తిప్పలు పడుతున్నారో చూసి రాసుకోండి. మా నోట్‌బుక్‌లో పడ్డవి ఇవి: పొదుపు సంఘం అక్కలు నెలకు రెండుసార్లు బడి వరండాలో కూర్చుంటున్నారు. గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ పరీక్షలకూ చదివే పిల్లలు పదిహేనుమంది దాకా గుడి మండపంలో ఫోన్ లైటు పెట్టుకుని చదువుతున్నారు. రిటైరైన సార్లు టీకొట్టు బెంచీ మీద పేపర్ పంచుకుంటున్నారు. సీమంతాలకూ ఇరవై ఒకటో రోజు ఫంక్షన్లకూ నడిరోడ్డు మీద టెంటు వేస్తున్నారు. పెద్దకర్మ రోజు వచ్చిన చుట్టాలకు కూర్చునే చోటు లేదు. కంటి వైద్య శిబిరం పెట్టేవాళ్ళు జాగా లేక వెనక్కి వెళ్ళిపోయారు. వాన పడిన బతుకమ్మ రాత్రి ఆడవాళ్ళంతా బతుకమ్మలు పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడ్డారు, ఆ పేజీ నేనే రాశాను, ఇప్పటికీ నాకు గుర్తే.

ఈ జాబితా చూస్తే మీకే అర్థమవుతుంది, రెండు వందల మంది వచ్చే రోజులు ఏడాదికి ఇరవై కూడా ఉండవు, పది ఇరవై మంది వచ్చే రోజులే మిగతావన్నీ. కాబట్టి పదిహేనుమంది హాయిగా కూర్చునే హాలుగా ముందు తయారుచేయండి, పెద్ద ఫంక్షన్ అయితే సర్దుకోగలిగేలా చూడండి. చాలాచోట్ల దీన్ని తిరగేసి చేస్తారు.

వానలో నిలబడి చూడండి

ఎండాకాలంలో చూస్తే పాత హాలు బాగానే ఉన్నట్టు కనబడుతుంది. ముసురు పట్టిన రోజు గొడుగు పట్టుకుని వెళ్ళి లోపల ఒక గంట, బయట ఒక గంట నిలబడాలి. నీళ్ళు ఎక్కడ కారుతున్నాయి, చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, మోరీ ఎటు పారుతోంది, ఇవన్నీ ఫోన్‌లో తీసుకోండి. గోడ మీద చెమ్మ ఎంత ఎత్తు వరకు ఎక్కిందో అక్కడ పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ రాయండి. నాలుగు గోడలకూ రాయండి. ఇది పిల్లల ఆటలా అనిపిస్తుంది గానీ, మీరు చేసిన పని పనికొచ్చిందో లేదో తర్వాత చెప్పేది ఆ గీతే.

మాది గమ్మత్తుగా తేలింది. హాలు ముందు ఒకే ఒక మెట్టు ఉండేది. చిన్నప్పుడు మేము మూడు మెట్ల మీద కూర్చుని గోలీలు ఆడినట్టు నాకు గుర్తు, ఇంట్లో చెబితే ఎవరూ నమ్మలేదు. గోడ పక్కన తవ్వితే మిగిలిన రెండు మెట్లూ మట్టిలో బయటపడ్డాయి, అంచులు నున్నగా అరిగిపోయి. ఏళ్ళ తరబడి పాత సీసీ రోడ్డు మీదనే కొత్త సీసీ రోడ్డు పోస్తూ పోయారు, రోడ్డు పైకి లేచి హాలు కిందికి పోయింది. వాన పడితే వీధి నీళ్ళన్నీ గోడ మొదట్లోనే నిలిచేవి. మనం గోడల్ని తిట్టుకుంటున్నాం, తప్పు గోడది కాదు.

అందుకే మొదటి రూపాయి లోపల ఖర్చు పెట్టకండి, బయట పెట్టండి. గోడ చుట్టూ చేరిన మట్టి, చెత్త, తర్వాత ఎవరో పోసిన సిమెంటు గచ్చు తీసేయండి. గోడకు మూడు నాలుగు అడుగుల మేర నేల బయటివైపు వాలుగా ఉండాలి, ఆ చివర మోరీ ఉండాలి, మోరీలోంచి నీళ్ళు ఎటో పారాలి. మట్టి తీసేటప్పుడు పునాది రాళ్ళు బయటపడేంత లోతుకు మాత్రం పోవద్దు. గోడకు ఆనుకుని ఉన్న నల్లా, తొట్టి కూడా జరిపేయండి.

కప్పు పని ఉగాది నుంచి మృగశిర లోపల

కప్పు రెండు రకాలుగా ఉంటుంది మన వైపు. ఒకటి బంగ్లా పెంకలది, రెండోది మద్రాసు మిద్దె, అంటే టేకు వాసాల మీద ఇటుకలను సున్నంతో నిలువుగా పేర్చి పైన సున్నపు గచ్చు వేసింది. రెండింటికీ ప్రాణం దూలాల చివర్లలో ఉంటుంది. గోడలోకి దిగిన ఆ మూరెడు ముక్కకే చెమ్మ తగులుతుంది, చెదలు అక్కడే పడతాయి. నిచ్చెన వేసుకుని ఒక్కో దూలం చివర స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, సుత్తితో తట్టి వినండి. గట్టి టేకు ఖంగుమంటుంది, పుచ్చింది డబ్బాలా బోలుగా పలుకుతుంది. మాకు 11 దూలాల్లో రెండు మాత్రమే పుచ్చాయి, అదీ చివర రెండడుగులు. ఆ మేరకు కోసేసి ఇనప పట్టీలు వేసి కొత్త టేకు అతికించాడు మా వడ్లాయన, కప్పు దించాల్సిన అవసరమే రాలేదు.

ఇక్కడ ఒక ఇంజినీరును తప్పకుండా పిలవండి, కాంట్రాక్టరు మాట సరిపోదు. సివిల్ బ్రాంచి ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలో అడిగితే పాత కట్టడాలు చూసిన సార్లు దొరుకుతారు. ఆయన చెప్పిన మాట కాగితం మీద రాయించుకోండి.

కారుతోందని మిద్దె మీద నాలుగు అంగుళాల కాంక్రీటు వేద్దామని ఎవరో ఒకరు అంటారు. లెక్క చూడండి. మా హాలు 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, అంటే సుమారు 167 చదరపు మీటర్లు. నాలుగు అంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు 240 కిలోల పైనే ఉంటుంది. మొత్తం 40 టన్నులు. వందేళ్ళ టేకు నెత్తిన 40 టన్నులు పెట్టి కింద పిల్లల్ని ఎలా కూర్చోబెడతాం? అలాగే వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు అంటే ఒక టన్ను, అది హాలు మీద వద్దు, వెనక విడిగా స్టాండు కట్టి పెట్టండి. పాత గచ్చులో పగుళ్ళు శుభ్రం చేసి సున్నంతో పూడ్చడం, నీళ్ళు పోయే గొట్టాల్లో పిచ్చుక గూళ్ళూ ఆకులూ తీయడం, పిట్టగోడలో మొలిచిన రావి మొక్కను పీకకుండా మొదలు కోసి వేరు చచ్చేలా మందు పెట్టడం, చాలాసార్లు ఇంతే సరిపోతుంది. మొక్కను పట్టి గుంజితే సగం పిట్టగోడ చేతికొస్తుంది.

గోడలు: ఇక్కడ తొందరపడొద్దు

మేము చేసిన పెద్ద తప్పు ఇదే. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో సిమెంటుకు కొదవ లేదు, వాడపల్లి, హుజూర్‌నగర్ చుట్టూ ఫ్యాక్టరీలే, ఎవరు పని మొదలుపెట్టినా ముందు సిమెంటు బస్తాలే దిగుతాయి. మా మొదటి కాంట్రాక్టరు గోడలకు సిమెంటు గిలాబు, అంటే ప్లాస్టరింగు, చేయించి, పైన లప్పం పెట్టి, మెరిసే రంగు వేయించాడు. చూడ్డానికి పెళ్ళిపందిరిలా ఉంది, మేమందరం మురిసిపోయాం. ఒక్క వానాకాలం గడిచింది. రంగు బుడగలు బుడగలుగా లేచి, గోడ మొదట్లో తెల్లని ఉప్పు పొంగి, గిలాబు పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపడింది. అంతకుముందు మోకాలెత్తున ఉన్న చెమ్మ నడుము దాకా ఎక్కింది.

ఎందుకలా అయిందో తెలుసుకుంటే మీరు ఆ పని ఎప్పటికీ చేయరు. పాత గోడలకు కింద చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి రాళ్ళ మధ్య మట్టి గుండా కొద్దికొద్దిగా పైకి ఎక్కుతూనే ఉంటుంది, సున్నపు గిలాబు సన్నని రంధ్రాల నుంచి ఆ తడి ఎప్పటికప్పుడు గాలిలోకి పోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. పోయే దారి లేని తడి ఇంకా పైకి ఎక్కుతుంది, తనతోపాటు ఉప్పునూ మోసుకెళ్తుంది, ఎక్కడ సందు దొరికితే అక్కడ పగలగొట్టుకుని బయటికి వస్తుంది.

కాబట్టి సిమెంటు గిలాబు ఉంటే చిన్న ఉలితో, చేత్తో తీయించండి. డ్రిల్లింగ్ మిషన్ పెడితే మట్టితో కట్టిన గోడ అదిరిపోతుంది. తీశాక ఉప్పును పొడి బ్రష్షుతో రుద్ది ఎత్తి పారేయండి, నీళ్ళతో కడిగితే మళ్ళీ లోపలికే ఇంకుతుంది. తర్వాత ఆ గోడను కనీసం ఒక ఎండాకాలం అలాగే వదిలేయాలి. చూసేవాళ్ళు "ఏందిది, పని ఆగిపోయిందా" అని అడుగుతారు, అడగనివ్వండి.

సున్నం పని దసరా దాటాక మొదలుపెట్టి సంక్రాంతి లోపల ముగించుకుంటే మంచిది, ఎండ మండేటప్పుడు చేస్తే తొందరగా ఆరి పగుళ్ళిస్తుంది. కాల్చిన సున్నపు రాళ్ళను నీళ్ళ గుంటలో వేస్తే బుసబుసా పొంగి ఆవిర్లు కక్కుతాయి, ఆ పూట పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, పనివాళ్ళకు కళ్ళద్దాలూ చేతి తొడుగులూ ఇవ్వండి, కంట్లో పడితే చూపు పోతుంది. ఆ ముద్దను జల్లెడ పట్టి తడి ఆరకుండా రెండు వారాలైనా నాననివ్వాలి, ఎన్ని రోజులు ఎక్కువ నానితే అంత వెన్నలా తయారవుతుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు జల్లించిన ఇసుక. పాతకాలపు సుతారులు (తాపీ మేస్త్రీలు) కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలుపుతారు. మాకు ఆ పని తెలిసిన సుతారి ఒక్కాయనే దొరికాడు, డెబ్బై దాటిన మనిషి. కలిపిన సున్నాన్ని తాపీ మీద తీసుకుని తలకిందులు చేశాడు, జారకుండా అంటుకుని ఉంటే "ఇప్పుడు గోడకు పోవచ్చు" అన్నాడు, జారితే మళ్ళీ తొక్కించాడు. ఇద్దరు కుర్రవాళ్ళను ఆయన పక్కన పెట్టాం, వాళ్ళు ఇప్పుడు వేరే ఊళ్ళకూ ఈ పనికి వెళ్తున్నారు. మీరు కూడా ఆ మనిషిని వెతికేటప్పుడు పక్కన నేర్చుకునేవాళ్ళను కూడా వెతకండి.

ఒక్కో పొర అరంగుళం మించకూడదు, పొరకూ పొరకూ మధ్య వారం పది రోజులు ఆగాలి, తడి గోనెపట్టాలు వేలాడదీసి మెల్లగా ఆరనివ్వాలి. సున్నం గాలిని పీల్చుకుని గట్టిపడుతుంది, దానికి టైం పడుతుంది. పైన రంగు బదులు మూడు చేతులు పల్చని వెల్ల వేయండి, కింద జాజు (ఎర్రమట్టి) పట్టీ తీస్తే మరకలు కనబడవు. ఎక్కడైనా పాత శిలాఫలకం, చందాదారుల పేర్లు ఉంటే వాటి మీద వెల్ల పడనివ్వకండి.

నేల షాబాద్ బండలో తాండూరు బండలో అయితే మార్చొద్దు. పగిలినవి మాత్రం వేరేవి తెచ్చి వేయండి. మెరిసే టైల్స్ తడిస్తే జారతాయి, పెద్దవాళ్ళు పడిపోతారు, వేసవిలో బండ ఇచ్చే చల్లదనం కూడా వాటికి ఉండదు.

మధ్య ఖాళీ, అంచుల్లో సామాన్లు

మా హాల్లో ఒక చివర ఎవరో తర్వాత కట్టించిన సిమెంటు స్టేజీ ఉండేది, హాల్లో నాలుగో వంతు అదే తినేసింది. ఏడాదికి పదిసార్లు వాడే స్టేజీ కోసం రోజూ చదువుకునే పిల్లలు ఇరుక్కుని కూర్చోవాలా? తీసేయించాం, కొంతమంది పెద్దలు కోపగించుకున్నారు. దాని బదులు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బల్లలు ఎనిమిది చేయించాం, ఇనప ఫ్రేము, 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, అడుగున్నర ఎత్తు. ఎనిమిదీ కలిపితే 16 అడుగుల చదరం స్టేజీ. రెండు కలిపితే పెళ్ళికూతురు కూర్చునే పీట. గోడ వెంట విడివిడిగా వేస్తే జనం కూర్చునే అరుగులు. నలుగురు మనుషులు మోయగలిగేలా ఉండాలి, అంతకంటే బరువు చేయించకండి, బరువైన వస్తువును ఎవరూ కదపరు, చివరికి అది కూడా సిమెంటు స్టేజీలాగే మిగిలిపోతుంది.

ప్లాస్టిక్ కుర్చీలు 150 అనుకోండి. పదిహేనేసి చొప్పున పేరిస్తే పది దొంతరలు, వాటికి 50 చదరపు అడుగుల చోటు కావాలి. ఆ చోటు ముందే తీసి పెట్టకపోతే కుర్చీలు హాలు నాలుగు మూలలా చేరి కూర్చుంటాయి. మేము వెనక గోడ వెంట రెండున్నర అడుగుల లోతు అరలు కట్టెతో చేయించి తలుపులు పెట్టాం, గోడకు కొట్టకుండా నేల మీద నిలబడేలా. కుర్చీలు, మడత బల్లలు, జంపఖానాలు, పుస్తకాల బీరువా, పొదుపు సంఘం వాళ్ళ పెట్టె అన్నీ అందులోనే. ఎవరి అర తాళం వాళ్ళ దగ్గర ఉంటుంది. ఈ ఒక్క పని వల్లే ఊళ్ళో జనం హాలును తమదనుకోవడం మొదలుపెట్టారని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రెండు గదులుగా విడదీయడానికి గోడ వద్దు, బరువైన పర్దా చాలు. దూలానికి రంధ్రం వేయకుండా చుట్టూ పట్టీ బిగించి దానికి రైలు వేలాడదీయండి. గుడ్డ మన దగ్గర కొనుక్కోండి, పోచంపల్లిలో, నారాయణపేటలో, గద్వాలలో మగ్గాలు ఉండగా పాలియెస్టరు ఎందుకు? ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి, పర్దా చూపును ఆపుతుంది గానీ మాటను ఆపదు. ఒక పక్క చదువు, ఇంకో పక్క కుట్టు నేర్చుకోవడం కుదురుతుంది. చదువు పక్కన భజన కుదరదు, ఆ రెండింటినీ వేర్వేరు గంటలకు పెట్టాలి.

ఇంక గొంతు మోగడం. ఖాళీ హాల్లో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు సాగుతూ సాగుతూ పోతోందంటే మైకులో మాట ఎవరికీ అర్థం కాదు. మనవాళ్ళు వెంటనే ఇంకా పెద్ద బాక్సులు తెస్తారు, దాంతో ఇంకా చెడిపోతుంది. నేల మీద జంపఖానాలు పరచండి, స్టేజీకి ఎదురు గోడ మీద మడతలు మడతలుగా మందపు గుడ్డ వేలాడదీయండి, గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచండి. రెండు పెద్ద బాక్సుల బదులు నాలుగైదు చిన్నవి అటూ ఇటూ పెట్టి తక్కువ సౌండుతో నడపండి. ఆ తర్వాత మళ్ళీ చప్పట్లు కొట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

కరెంటు, ఎండ

పాత వైరింగ్‌ను మొత్తం తీసేయండి, ఇందులో పొదుపు మాటే వద్దు. సరైన ఎర్తింగ్, లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీలు, షాక్ కొట్టకుండా కరెంటు ఆపే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ తప్పనిసరి. గోడలకు గాడి కొట్టకుండా పైపులు గోడ మీదే అడుగు భాగంలో పారించండి, కనబడితే కనబడనివ్వండి. పది అడుగులకొక ప్లగ్గు పాయింటు ఉంటే వైర్లు నడిమధ్యన కాళ్ళకు అడ్డం పడవు.

ఏసీ గురించి అడుగుతారు. పదహారడుగుల ఎత్తు కప్పున్న హాలుకు ఏసీ పెడితే పంచాయతీ బిల్లు కట్టలేదు. ముందు పైనున్న గవాక్షాలు చూడండి, సున్నం వేసిన ప్రతిసారీ వాటిని మూసేస్తూ వచ్చి ఉంటారు. మావి 14 ఉంటే 12 మూసి ఉన్నాయి. తెరిచి, పక్షులు రాకుండా జాలి కొట్టించాక పైన చేరిన వేడి పోవడం మొదలైంది. మన ఏప్రిల్, మే ఎండలు పొడి ఎండలు కాబట్టి కూలర్లు బాగా పనిచేస్తాయి, ఎదురుగా కిటికీ తెరిచి ఉంచితేనే. వానాకాలంలో వాటిని కట్టేసి పంఖాలు వేసుకోండి.

దర్వాజలు, ర్యాంపు, వంట

పాత హాలుకు ఒక్కటే పెద్ద దర్వాజ ఉంటుంది, అదీ లోపలికి తెరుచుకుంటుంది. గొడవో మంటో వస్తే జనం తోసుకుంటూ వచ్చి దాన్ని తెరవలేకపోతారు. ఫంక్షను రోజుల్లో రెండు రెక్కలూ తెరిచి గోడ కొక్కేలకు కట్టేయాలి, ఇది రాసి అంటించండి. రెండో దారి కోసం గోడ పగలగొట్టకుండా ఒక కిటికీ కింది గోడ తీసి బయటికి తెరుచుకునే తలుపు పెట్టించండి. ఎంతమంది పడతారన్నదానికి జాతీయ భవన నియమావళిలో ఒక లెక్క ఉంది, కుర్చీలతో కూర్చునే సభకు మనిషికి తక్కువ చోటు, భోజనాలకైతే ఎక్కువ చోటు. మా హాలుకు దారులూ స్టేజీ తీసేసి 150 మంది అని గట్టిగా పెట్టుకున్నాం, భోజనాలకు 80.

ర్యాంపు వాలు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అడుగున్నర ఎత్తు అరుగుకు 18 అడుగులన్నమాట. చాలాచోట్ల ఆరడుగుల్లో ముగించేస్తారు, దాని మీద చక్రాల కుర్చీ కాదు గదా ముసలమ్మ కూడా ఎక్కలేదు. తలుపు వెడల్పు మూడడుగులకు తగ్గొద్దు. మరుగుదొడ్లు హాలుకు ఆనుకోకుండా విడిగా కట్టండి, ఒకదాంట్లో కమోడు, పట్టుకునే కడ్డీ పెట్టండి. వంట హాల్లో వద్దు, అరుగు మీద కూడా వద్దు, వెనక రేకుల షెడ్డు వేసి సిలిండర్లు అక్కడే ఉంచండి. తాగడానికి మిషన్ భగీరథ నీళ్ళ నల్లా పెట్టండి, నల్లగొండ నేలలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, బోరు నీళ్ళు కడగడానికే.

తెరిచాక నడపడం

టెంటుహౌస్ వాళ్ళు వచ్చారంటే గోడకు మేకులు కొట్టకుండా ఉండరు, డెకరేషన్ చేయాలి కదా, వాళ్ళ తప్పు కాదు. "మేకులు కొట్టరాదు" అని బోర్డు పెట్టినా లాభం లేదు. ఎనిమిదడుగుల ఎత్తున హాలు చుట్టూ కొక్కేలున్న కట్టె పట్టీ ఒకటి బిగించండి, పూలదండలు, ఫ్లెక్సీలు, లైట్లు అన్నీ దానికే తగిలిస్తారు. మాకు అది పెట్టాక ఒక్క మేకు కూడా పడలేదు.

కిరాయి మూడు రకాలుగా పెట్టండి. చదువుకు, పొదుపు సంఘానికి, వైద్య శిబిరానికి ఏమీ తీసుకోవద్దు. ఊరివాళ్ళ ఫంక్షనుకు కరెంటు, ఊడ్చే మనిషి ఖర్చు వచ్చేంత. బయటివాళ్ళ వ్యాపార కార్యక్రమాలకు కాస్త ఎక్కువ. చావు కార్యాలకు అడగొద్దని మేము రాసుకున్నాం. నెల టైంటేబుల్ అరుగు మీద నల్లబల్ల మీద సుద్దతో రాయండి, ఫోన్ గ్రూపులో పెట్టడం ఒక్కటే సరిపోదు, ఫోన్ చూడని పెద్దవాళ్ళు చాలామంది. పొద్దున ఐదు నుంచి తొమ్మిది చదువుకే, ఎంత పెద్దమనిషి పెళ్ళి అయినా ఆ గంటలు కదపకూడదని ముందే తీర్మానంలో రాయించండి. రాత్రి పది తర్వాత మైకు బంద్, ఆరుబయట అయితే అది ఎలాగూ చట్టమే.

తాళంచెవులు మూడు చేయించి మూడు ఇళ్ళలో ఇవ్వండి, ఒకటి మాత్రం హాలు ఎదురింటి అక్క దగ్గర ఉండాలి. ప్రెసిడెంటు దగ్గరే ఉంటే ఆయన హైదరాబాదు వెళ్ళిన రోజు హాలు తెరవరు.

ఏడాదికి రెండుసార్లు, మృగశిర ముందొకసారి, దసరా ముందొకసారి, కప్పెక్కి గొట్టాలు చూడండి, దూలాల చివర్లు తట్టండి, మోరీ తీయించండి. అలాగే మొదట్లో పెన్సిలుతో గీసిన చెమ్మ గీతల దగ్గరికి వెళ్ళి ప్రతి వానాకాలం చివర కొత్త గీత గీసి తేదీ వేయండి, ఆ చోట మాత్రం వెల్ల వేయనివ్వకుండా జానెడు గోడ వదిలేయండి. సిమెంటు చేసిన ఏడాది గీత నా నడుం దగ్గర ఉంది. మోరీ తవ్వి సున్నం వేశాక మొదటి వానాకాలానికి మోకాలి కిందికి దిగింది. పోయిన దసరాకు చూస్తే జాజు పట్టీ అంచున, నేలకు ఆరంగుళాల ఎత్తున ఉంది.